కూటమిని వీడిన దేశము: బేరమున దాని బలాబలములు

ప్రతి సంవత్సరమును పంట ఇంటికి వచ్చు దినములలో మన సహకార సంఘములయందు ఒక ప్రశ్న పుట్టుచుండును. అందఱి సరకుతో నా సరకు కలిపి అమ్మనేల? నా ధాన్యము మేలైనది. వర్తకుడు నా గుమ్మమునకే వచ్చి అడుగుచున్నాడు. విడిగా బేరమాడుకొన్నచో బస్తాకు నాలుగు రూపాయలు ఎక్కువ రాకపోవునా? ఇది అవివేకులు అడుగు ప్రశ్న కాదు. సంఘములో లెక్క బాగుగా తెలిసిన రైతులే దీనిని అడుగుదురు. ఇట్టి ప్రశ్నకు ఉపన్యాసముతో బదులు చెప్పుటకంటె, ఒక పెద్ద దేశము తన చేతులార చేసి చూచిన ప్రయోగమును చూపుట మేలని తోచినది. ఎరువు వేసిన మడిని, వేయని మడిని ప్రక్కప్రక్కన పెట్టి చూపుట మావంటి డిమాన్‌స్ట్రేటర్ల పని. కూటమిలో నుండి చేసిన బేరమును, కూటమిని వీడి చేసిన బేరమును అట్లు ప్రక్కప్రక్కన చూపగల ఉదాహరణ లోకములో అరుదు. బ్రిటను దేశము మనకట్టి ఉదాహరణ నిచ్చినది.

1957లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలండు, లక్సెంబర్గు అను ఆఱు దేశములు రోము నగరమున ఒక ఒడంబడిక చేసికొన్నవి. తమలో తమకు సుంకములు లేకుండునట్లును, బయటివారి సరకుపై అందఱును ఒకే సుంకము విధించునట్లును ఏర్పాటు గావించుకొన్నవి. బ్రిటను 1973 జనవరి 1వ తేదీన ఐర్లాండు, డెన్మార్కులతో కూడ ఇందు చేరెను. ఆ కూటమియే కాలక్రమమున 28 దేశముల యూరోపియన్ యూనియనుగా పెరిగినది; దీనిని ఈ వ్యాసమున సమాఖ్య యని చెప్పుకొందము. ఇట్టి కూటమికి లోపల కంచె లేదు, వెలుపల ఒకే కంచె. కంచె ఒకటే యగుటచేత దాని తలుపువద్ద నిలిచి బేరమాడువాడును ఒక్కడే. సభ్యదేశ మేదియు జపానుతో గాని, ఇండియాతో గాని తనకు తానుగా సుంకముల బేరము చేయరాదు. తన ధాన్యమును సంఘముద్వారానే అమ్ముదునని సభ్యుడు వ్రాసియిచ్చుట వంటిదే ఇది.

బ్రిటను ప్రజలలో చాలమందికి ఈ కట్టుబాటు రుచింపలేదు. చందా ఎక్కువ కట్టుచున్నామనియు, చట్టములు బ్రస్సెల్సు నగరమున వ్రాయబడుచున్నవనియు, పరదేశీయుల రాకపై తమకు అధికారము లేకపోయెననియు వారు చెప్పుచుండిరి. 2016 జూన్ 23వ తేదీన ప్రజల వోటు తీసికొనగా నూటికి 51.9 వంతులు వీడుదమని, 48.1 వంతులు ఉందమని వచ్చినవి. వీడదలచినవారి కారణములన్నియు వర్తకమునకు సంబంధించినవి కావు. తన ఇంట తానే యజమానిగా నుండవలెనను కోరికను తప్పని చెప్పుటకు ఇతరులకు అధికారము లేదు. నేను విచారింపదలచినది ఒక్క విషయమే: వీడిన పిమ్మట బేరమాడు బలము పెరిగినదా, తగ్గినదా?

వీడుదమన్న నాయకుల వాదము మన రైతులకు వెంటనే అర్థమగునట్టిది. మనము వారికి అమ్ముదానికంటె వారు మనకు అమ్మునది ఎక్కువ. జర్మనులు కార్లు అమ్ముకొనవలెను, ఫ్రెంచివారు ద్రాక్షసారాయము అమ్ముకొనవలెను. కొనువారము మనమైనపుడు బేరము మన చేతిలోనే యుండును గదా యని వారనిరి. మొదటి మాట నిజమే. సమాఖ్య దేశములు బ్రిటనుకు అమ్ము సరకు, బ్రిటను వారికి అమ్ముదానికంటె ఎక్కువ విలువ గలదే. అయినను బేరమునకు కావలసిన లెక్క అది కాదు.

ఒక విత్తనముల వర్తకుడు ముప్పది గ్రామములకు విత్తనములమ్మి, ఆ గ్రామముల పంటను కొనుచుండెననుకొందము. వానిలో ఒక గ్రామము అతనితో తగవు పెట్టుకొని, మేము నీకిచ్చు డబ్బు నీవు మాకిచ్చు డబ్బుకంటె ఎక్కువ సుమా యని బెదరించినది. అతడేమి ఆలోచించును? నా వ్యాపారములో ఈ గ్రామపు వంతు ఎంత, ఈ గ్రామపు బ్రతుకుతెరువులో నా వంతు ఎంత అని ఆలోచించును. 2016లో బ్రిటను విదేశములకు అమ్మిన ప్రతి నూఱు రూపాయల సరకులోను, సేవలలోను సుమారు 43 రూపాయల వంతు సమాఖ్యకు పోయినది. తక్కిన 27 దేశములు తమలో తాము అమ్ముకొనునది, బయట అమ్మునది అంతయు కలిపి నూఱు రూపాయలనుకొన్నచో బ్రిటనుకు పోవునది పది రూపాయల లోపే. తెగినయెడల ఇద్దఱికిని నష్టమే. ఒకనికి పదింట ఒక వంతుకు లోపు, మఱియొకనికి పదింట నాలుగు వంతులకు పైగా. బేరమున భయపడువాడెవడో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇంక గడువు సంగతి. సమాఖ్య ఒడంబడికలోని 50వ అధికరణము ప్రకారము, వీడుచున్నానని ఒక దేశము నోటీసు ఇచ్చిన దినమునుండి రెండు సంవత్సరములకు దాని సభ్యత్వము రద్దగును. ఒప్పందము కుదిరినను కుదరకున్నను అంతియే. గడువు పెంచవలెనన్నచో మిగిలినవారందఱును ఏకగ్రీవముగా ఒప్పుకొనవలెను. బ్రిటను 2017 మార్చి 29వ తేదీన నోటీసు ఇచ్చినది. ఏ మాట మీద నిలువవలెనో తమలో తాము నిశ్చయించుకొనక పూర్వమే గడియారమునకు తాళము త్రిప్పిరి. నా యభిప్రాయమున వారి బలము సగము ఆ దినముననే తఱిగిపోయినది. కల్లములో ధాన్యమున్నది, ఆకాశమున మేఘమున్నది, బ్యాంకు వాయిదా నెలాఖరున కున్నది. అట్టి రైతు ధరకొఱకు వేచియుండగలడా? ఎదుటి వర్తకునకు ఆ వాయిదా తేదీ తెలిసినచో చెప్పనక్కఱలేదు.

సమాఖ్యవారు ఆ తేదీని బాగుగా ఎఱిగియుండిరి. 27 దేశముల పక్షమున మిషెల్ బార్నియే అను ఫ్రెంచివాడు ఒక్కడే మాటలాడెను. మొదట పాతబాకీలు, పరస్పరము నివసించుచున్న ప్రజల హక్కులు, ఐర్లాండు సరిహద్దు తేలవలెననియు, అవి తగినంత తేలినగాని వర్తకపు మాట ఎత్తబోమనియు వారు షరతు పెట్టిరి. అన్నియు ఒక్కసారి మాటలాడవలెనని బ్రిటను కోరెను గాని, 2017 జూన్ 19వ తేదీన సంప్రదింపులు మొదలైన దినముననే ఆ క్రమమునకు ఒప్పుకొనవలసివచ్చెను. చేతిలోనున్న డబ్బు, అనగా బ్రిటను చెల్లింపవలసిన బాకీ, వర్తకపు బేరమునకు ముందే ఖరారైపోయినది.

ఐర్లాండు విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ దేశపు జనసంఖ్య ఆనాటికి సుమారు 50 లక్షలు. బ్రిటనుది 6 కోట్ల 60 లక్షలు. శతాబ్దములపాటు బ్రిటను చెప్పినది ఐర్లాండు వినవలసినదే గాని, ఐర్లాండు చెప్పినది బ్రిటను విన్న సందర్భములు తక్కువ. ఈ బేరమున మాత్రము, తమ దీవిలో ఉత్తర దక్షిణ భాగములమధ్య సుంకపు ఠాణాలు మరల వెలయరాదని ఐర్లాండు కోరగా, ఆ కోరిక 27 దేశముల షరతయ్యెను. బ్రిటను పార్లమెంటు 2019లో ముమ్మాఱు ఒప్పందమును త్రోసివేసినది. గడువు మూడు పర్యాయములు పెంపబడినది. ఒక ప్రధానమంత్రి పదవి విడువవలసివచ్చినది. కడకు ఉత్తర ఐర్లాండుకు వేఱుగా నియమములుండుటకు బ్రిటను సమ్మతించెను. చిన్న రైతు సంఘములోనుండి మాటలాడినపుడు అతని గొంతు ఎంత దూరము వినబడునో ఇంతకంటె చక్కగా చూపు ఉదాహరణ నేనెఱుగను.

బేరము కుదరకున్న లేచిపోయెదమని బ్రిటను నాయకులు పలుమాఱులు బెదరించిరి. లేచిపోవుదునను మాటకు, నిజముగా లేచిపోగలిగినపుడే విలువ. వేల్సు కొండలమీద గొఱ్ఱెలు కాచువారి సంగతి చూడుడు. బ్రిటనులో తయారగు గొఱ్ఱె మాంసములో సుమారు మూడవ వంతు విదేశములకు పోవును. అట్లు పోవుదానిలో నూటికి 90 వంతులకు పైగా సమాఖ్య దేశములకే, ముఖ్యముగా ఫ్రాన్సునకు. ఒప్పందము లేనిచో ఆ మాంసముపై సమాఖ్య బయటివారికి వేయు సుంకము పడును: విలువలో 12.8 శాతమును, అదిగాక 100 కిలోలకు 171.3 యూరోలును. రెండును కలిపి ఆనాటి ధరలను బట్టి విలువలో సుమారు 40 మొదలు 50 వంతుల వఱకు అగును. ఫ్రాన్సువారు ఐర్లాండునుండియో, న్యూజిలాండునుండియో కొని వండుకొందురు. వేల్సు రైతు తన మందను ఎవరికి అమ్మును? గొఱ్ఱెపిల్ల ధాన్యము కాదు. గిడ్డంగిలో వేసి తాళము పెట్టుటకు వీలులేదు. దినమొకటి జరిగినకొలది మేత ఖర్చు పెరుగును. తన మందనే నష్టపఱచు బెదిరింపు ఎదుటివానికి బెదిరింపు కాజాలదు.

2020 జనవరి 31వ తేదీన బ్రిటను సమాఖ్యను వీడెను. ఆ యేటి చివరివఱకు పాత ఏర్పాట్లే సాగినవి. డిసెంబరు 24వ తేదీన, ఆ గడువునకు ఒక వారము మాత్రమే మిగిలియుండగా, వర్తకపు ఒడంబడిక కుదిరెను. ఇరువురి దేశములలో తయారైనవని రుజువైన సరకులకు సుంకము లేదు, పరిమితి లేదు. ఇది చిన్న లాభము కాదు. గొఱ్ఱెల కాపరులు ఊపిరి పీల్చుకొనిరి. సమాఖ్యయు ఉదారముగా ఇచ్చెనని ఒప్పుకొనవలెను. అయితే సుంకము పోయినంతమాత్రమున కంచె పోదు.

స్కాట్లండు దేశము విత్తనపు బంగాళాదుంపలకు పేరుపొందినది. అక్కడి చలిగాలికి దుంపలకు తెగుళ్లు తెచ్చు పేనుజాతి పురుగులు తక్కువ. కావున విత్తనము శుభ్రమైనది. సమాఖ్య దేశముల రైతులు ఏండ్ల తరబడి ఆ విత్తనమును కొని నాటుచుండిరి. 2021 జనవరి 1వ తేదీనుండి ఆ విత్తనము సమాఖ్యలో అడుగు పెట్టరాదు. డిసెంబరు 31వ తేదీ రాత్రికిని మఱునాటి ఉదయమునకును దుంపలో వచ్చిన మార్పేమియు లేదు. తెగులు పుట్టలేదు, మొలక చావలేదు. బయటి దేశపు విత్తనపు దుంప రారాదని సమాఖ్య నియమము. బ్రిటను ఇప్పుడు బయటి దేశము. మా నియమములు మీ నియమములవంటివే గదా యని బ్రిటనువారు వాదింపగా, ఇక ముందును మా నియమములనే అనుసరింతుమని వ్రాసియిండని సమాఖ్యవారు బదులు చెప్పిరి. ఆ నియమముల కట్టునుండి బయటపడుటకే వారు సమాఖ్యను వీడిరి. విత్తనపు వ్యవహారములో తిరిగినవాడను గనుక ఈ ఉదంతము నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది. చీటీ ఒకటి మాఱినచో చేను మాఱకున్నను అంగడి మూతపడును.

శుద్ధిచేయని నీటినుండి తీసిన ఆలిచిప్పలకును, పచ్చి మాంసపు సాసేజీలకును ఇదే గతి పట్టినది. అమ్మకమునకు అడ్డులేని మాంసమునకు సైతము సరకు సరకుకు పశువైద్యుడు సంతకము చేసిన సర్టిఫికెట్టు కావలసివచ్చెను. పెద్ద కంపెనీకి ఇది ఒక గుమాస్తా జీతము. పది పెట్టెలు పంపుకొను చిన్నవానికి లాభమంతయు అందే పోవును. ఇక్కడ గమనింపదగిన మఱియొక విశేషము కలదు. సమాఖ్య తన తనిఖీలను మొదటి దినమునుండియే సంపూర్ణముగా అమలుజరిపెను. బ్రిటనో, సమాఖ్యనుండి వచ్చు ఆహారపదార్థములపై తనిఖీలను పలుమాఱులు వాయిదావేసి, ఆరోగ్య సర్టిఫికెట్లను 2024 జనవరిలోను, సరకు విప్పిచూచు తనిఖీని అదే ఏప్రిల్ చివరను గాని ప్రారంభింపలేదు. ఓడరేవులలో ఏర్పాట్లు చాలవు. అంగళ్లలో ధరలు పెరుగునను భయమును కలదు. మూడు సంవత్సరములకు పైగా బ్రిటను రైతు కంచె దాటి అమ్ముకొనవలసి యుండగా, అవతలి రైతు తెఱచిన ద్వారమున వచ్చి అమ్ముకొనెను. ఎదుటివాడు కోరకముందే ఇచ్చిన రాయితీకి ప్రతిఫలముండదు.

చేపల విషయమున బ్రిటనుకు నిజమైన బలమున్నదని అందఱును తలచిరి. సముద్రము వారిది, అందు వేటాడు పడవలు ఫ్రాన్సువి, హాలండువి, డెన్మార్కువి. మా నీటిలోనికి రావలదు అన్నచో వారే కాళ్లబేరమునకు వత్తురని జాలరులకు ఆశ పెట్టిరి. కాని బ్రిటనువారు తమ వలలోపడిన చేపలలో అధికభాగమును తాము తినరు; వారు మెచ్చు కాడ్, హాడక్ చేపలలో పెక్కు భాగము ఇతర దేశములనుండి వచ్చును; తాము పట్టినవానిలో అధికభాగము సమాఖ్య దేశములకు అమ్మవలయును. నీరు ఒకరిది, సంత మఱియొకరిది. తుదకు బ్రిటను జలములలో సమాఖ్య పడవలకు దొరకు చేపల విలువలో 25 వంతులు మాత్రము, అదియు అయిదున్నర సంవత్సరములలో మెల్లమెల్లగా, బ్రిటనుకు మాఱునట్లు కుదిరెను. కోరినదానికంటె ఇది మిక్కిలి తక్కువ. 2026 జూన్‌తో ముగియవలసిన ఆ ఏర్పాటును 2025 మే నెలలో మఱి పండ్రెండు సంవత్సరములు, అనగా 2038 వఱకు పొడిగించిరి.

దీనినిబట్టి కూటమిని వీడిన ప్రతివాడును ఓడిపోవునని తలంపరాదు. గ్రీన్‌లాండు అను మంచుదీవి డెన్మార్కు రాజ్యమునకు చెందినది. జనసంఖ్య సుమారు 50 వేలు. డెన్మార్కుతోపాటు 1973లో అదియు కూటమిలో పడినది. తమ సముద్రములోని చేపలను దూరదేశపు ఓడలు తోడుకొనిపోవుట చూచి, 1982లో వోటువేసి నూటికి 53 వంతులు వీడుదమనిరి. 1985 ఫిబ్రవరి 1వ తేదీన వీడిరి. ఇంత చిన్న దేశమునకు దొరకిన బేరము చూడుడు: కూటమి ఓడలు వేటాడుటకు గ్రీన్‌లాండుకు ఏటేట సొమ్ము చెల్లింపవలెను, గ్రీన్‌లాండు చేపలు కూటమిలో సుంకము లేక అమ్ముకొనవచ్చును. ఆ దీవివారు కోరినది బహుకొద్ది. వారివద్దనున్నది కూటమికి కావలసినది. మఱియొకచోట సులభముగా దొరకనిది. వారు వీడుటచే కూటమిలో తక్కినవారి వ్యాపారము కదలలేదు గనుక గట్టిగా పట్టుబట్టు అవసరము కూటమికిని లేకపోయెను. బ్రిటనుకు ఈ అనుకూలములలో ఒకటియైనను లేదు. కోరినవి అనేకములు; అమ్మునవి అన్నియు సమాఖ్యలో మఱియొకరు చేయగలవే.

సమాఖ్యతో బేరము అట్లుండగా, వీడినవారి అసలు ఆశ తక్కిన ప్రపంచముపై నుండెను. చేతులు విడివడినవి, ఇష్టమైన దేశముతో ఇష్టమైనట్లు ఒప్పందములు చేసికొనవచ్చును. జపానుతో 2020 అక్టోబరులోనే ఒప్పందముపై సంతకమయ్యెను గాని, అది చాలవఱకు సమాఖ్య అంతకుముందు జపానుతో చేసికొన్నదానికి ప్రతి. క్రొత్తగా కుదిర్చిన మొదటి పెద్ద బేరము ఆస్ట్రేలియాతో. 2021 డిసెంబరులో సంతకమై, 2023 మే 31న అమలునకు వచ్చినది. ఆస్ట్రేలియా గొఱ్ఱె మాంసము మొదటి సంవత్సరము 25 వేల టన్నులు, పదవ సంవత్సరమునకు 75 వేల టన్నులు సుంకము లేక రావచ్చును. గొడ్డు మాంసము 35 వేల టన్నులనుండి 1 లక్షా 10 వేల టన్నులవఱకు. దీనికి ప్రతిగా బ్రిటనుకు రాగల లాభమును ఆ దేశపు ప్రభుత్వమే లెక్కవేసినది: 2035 నాటికి దేశాదాయములో 0.08 శాతము. అనగా పదివేల రూపాయల ఆదాయము గలవానికి ఎనిమిది రూపాయలు. ఈ ఒప్పందము కుదిరినపుడు వ్యవసాయ వ్యవహారముల మంత్రిగానున్న జార్జి యూస్టిస్, పదవి విడిచిన తరువాత 2022 నవంబరులో పార్లమెంటునందు లేచి, ఇది బ్రిటనుకు అంత మంచి బేరము కాదని చెప్పెను. ఫలానా తేదీకి ముగింపవలెనని తమవారే గడువు పెట్టుకొనుట బలమును తగ్గించెననియు ఆయన చెప్పెను. సమాఖ్యను వీడినందుకు ఫలము చూపవలెనను తొందర ఆనాటి పాలకులకుండెను. ఆ తొందర ఎదుటివారికిని తెలియును. వెల చెల్లించినవారు వేల్సు కొండలలోని కాపరులు.

కెనడాతో మఱియొక విధముగా జరిగెను. సమాఖ్యలో నున్నపుడు బ్రిటను చీజునకు కెనడాలో అనుభవములోనున్న రాయితీ 2023 డిసెంబరు 31తో పోయినది. కెనడా పశువుల పెంపకమువారు తమ గొడ్డు మాంసమును బ్రిటను రానీయవలెనని పట్టుబట్టిరి. హార్మోనులు వాడిన మాంసము మాకు వలదని బ్రిటను అనెను. 2024 జనవరిలో సంప్రదింపులు నిలిచిపోయినవి. ఈసారి బ్రిటను తన రైతుల పక్షమున నిలిచి లేచివచ్చెను; నేను దీనిని మెచ్చుకొందును. అయినను చీజు చేయువారికి సంత చెడినది.

న్యాయముగా చెప్పవలెనన్న ఒంటరితనమునకు ఒక లాభమును కలదు. అది చుఱుకుదనము. 2025లో అమెరికా అధ్యక్షుడు లోకమంతటిపై సుంకములు విధించినపుడు బ్రిటను ముందుగా పరుగెత్తి మే 8వ తేదీన ఒప్పందము ప్రకటించుకొని, 10 శాతపు మూలసుంకముతో బయటపడెను. సమాఖ్య జూలై చివరివఱకు మాటలాడి 15 శాతమునకు ఒప్పుకొనెను. ఇది వీడినవారికి దొరకిన నిజమైన లాభము. కాని అందును రైతు చెల్లించిన వెల ఒకటున్నది. అమెరికా ఇథనాలు 140 కోట్ల లీటర్లవఱకు సుంకము లేక రానిచ్చుటకు బ్రిటను సమ్మతించెను. అంతకుముందు దానిపై 19 శాతము సుంకముండెను. హల్ నగరమువద్ద ఏటా పదిలక్షల టన్నులకు పైగా గోధుమలను కొని ఇథనాలు చేయగల కర్మాగారము, ఇక పోటీకి నిలువజాలనని 2025 ఆగస్టులో మూతపడెను. ఆ ప్రాంతపు గోధుమ రైతులకు తమ పెద్ద కొనుగోలుదారుడు లేకపోయెను.

2025 మే 19వ తేదీన లండనులో బ్రిటను, సమాఖ్య మరల కూర్చుండి, ఆహారపదార్థముల తనిఖీలు తగ్గించుటకు ఒక ఒడంబడిక చేసికొందమని నిశ్చయించిరి. షరతు పాతదే: ఆ విషయమున సమాఖ్య నియమములు మాఱినప్పుడెల్ల బ్రిటనును అవియే అనుసరింపవలెను. నియమములు వ్రాయుచోట బ్రిటనుకు మునుపు కుర్చీయుండెను, వోటుండెను, ఇప్పుడు లేవు. సంఘములో సభ్యత్వము మానుకొని, సంఘము కాటామీదనే సరకు తూచుకొని, కాటా రుసుము ఎంతయనుటకు మాత్రము నోరులేని రైతువలెనైనది వారి స్థితి.

ఇండియా ఈ కథలో ఎదుటి పక్షమున కూర్చున్నది. బ్రిటనుతో మన సంప్రదింపులు 2022 జనవరిలో ప్రారంభమైనవి. ఆ ఏప్రిల్‌లో ఢిల్లీ వచ్చిన బ్రిటను ప్రధాని బోరిస్ జాన్సన్, దీపావళినాటికి ముగింపవలెనని గడువు చెప్పెను. మనవారికి తొందరలేదు. ఆ దీపావళి గడచినది, తరువాతి రెండు దీపావళులును గడచినవి. బ్రిటనులో ముగ్గురు ప్రధానులు మాఱిరి. 2025 మే 6న బేరము ముగిసి, జూలై 24న సంతకమయ్యెను. విస్కీపై మన సుంకము 150 శాతమునుండి మొదట 75కును, పది సంవత్సరములకు 40కిని దిగునట్లు ఒప్పుకొన్నాము. పాడి సరకులు, ఆపిల్ పండ్లు, వంటనూనెలు మాత్రము బేరమునకు వెలుపలనే ఉంచుకొన్నాము. ఇది ఆస్ట్రేలియాతో బ్రిటను చేయలేకపోయిన పని. ఒక్క బ్రిటనుతో మూడేండ్లు పట్టగా, సమాఖ్యతో మన బేరము 2007లో మొదలై, 2013లో నిలిచి, 2022లో తిరిగి ఆరంభమై, 2026 జనవరిలో ముగిసినట్లు ప్రకటింపబడెను. కూటమి బేరము బరువైన బండి; కదలుటకు కాలము పట్టును.

ఆ బ్రిటను ఒడంబడికలో మన కోస్తా రైతులకు దగ్గఱి విషయము రొయ్యలు. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశమే దేశమున మొదటిది. వానిపై బ్రిటనులోనుండిన 4 మొదలు 8 శాతము వఱకు గల సుంకమును, ఒడంబడిక అమలుతో తీసివేయునట్లు నిర్ణయము. మన రొయ్యలకు పెద్ద సంత అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై మొత్తము 50 శాతము అదనపు సుంకము వేసినపుడు, ఒకే సంతపై ఆధారపడినవాని బేరము ఏమగునో భీమవరము, నెల్లూరు ప్రాంతముల చెఱువు గట్లమీద మనవారు చూచిరి. సుంకము తగ్గినను స్కాట్లండు దుంపకు వచ్చిన చిక్కు మన రొయ్యకును రాగలదు. మందుల అవశేషములకొఱకు మన చెఱువు రొయ్యలలో పరీక్షించు వంతును సమాఖ్య 2016లో నూటికి 10 నుండి 50కి పెంచెను. ఏ చెఱువులో ఏ విత్తనము వేసితిమి, ఏ మేత పెట్టితిమి, ఏ మందు ఏ తేదీన వాడితిమి అను వివరము కాగితముపై లేనిచో, కొనువాడు ధర తగ్గించుటకు అదియే సాకు. ఈ పుస్తకము నడుపుట ఒక్కొక్క రైతునకు కష్టముగాని, పది చెఱువులకు కలిపి సంఘపు గుమాస్తా నడుపుట కష్టము కాదు. చెఱువులు గల సభ్యులు రాబోవు పంటకు విత్తనము వదలకముందే ఈ సంగతిని సంఘ సమావేశమున ప్రస్తావింపవలెనని కోరుచున్నాను. పుస్తకములో గీయవలసిన గళ్ల నమూనాను అడిగినవారికి నేను వ్రాసి యిత్తును.